జ్ఞాపకశక్తి పరీక్షకు ఎలా సిద్ధపడాలి?

పెద్దవాళ్లకు మతిమరుపు ఎక్కువైనప్పుడు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నప్పుడు, మూర్ఛకు ఆపరేషన్ చేయబోయే ముందు న్యూరాలజిస్టులు న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్ అనే ఈ పరీక్ష రాస్తుంటారు. పేరు చూసి బెంబేలు పడకండి. ఇందులో సూదులుండవు, మత్తు ఇవ్వరు. ఎమ్మారైలో మెదడు ఆకారం కనిపిస్తుంది. ఆ మెదడు రోజువారీ పనుల్లో ఎంత చురుగ్గా ఉందో ఈ పరీక్షలో తెలుస్తుంది.

ముందురోజే పాత రిపోర్టులు, మందుల చీటీ, కళ్లజోడు, వినికిడి మిషన్ సంచిలో సర్దుకోండి. కళ్లజోడు మరిచిపోతే చూపు లోపం కాస్తా మతి లోపంగా లెక్కకెక్కే ప్రమాదముంది. రాత్రి కంటినిండా నిద్రపోవాలి, పొద్దున టిఫిన్ తినే వెళ్లాలి. డాక్టరు చెప్పకుండా ఏ మందూ ఆపొద్దు. ప్రశ్నలు వెతికి బట్టీ పట్టించడం అస్సలు వద్దు, ఫలితమే తప్పుతుంది.

వెళ్లగానే క్లినికల్ సైకాలజిస్టు మాటల్లో పెట్టి చదువు, వృత్తి, ఇంట్లో మాట్లాడే భాష అడుగుతారు. ఇక్కడే మనవాళ్లు మొహమాటపడతారు. ఐదో తరగతితో ఆపేస్తే ఆ మాటే చెప్పండి. మార్కులను అదే వయసు, అంతే చదువు ఉన్నవాళ్లతో పోల్చి చూస్తారు కాబట్టి, ఎక్కువ చెప్పుకుంటే నష్టం మనకే. పరీక్ష తెలుగులోనే పెట్టమని అడగండి. భారత వైద్య పరిశోధన మండలి అయిదు భాషల్లో సిద్ధం చేయించిన పరీక్షల్లో తెలుగు కూడా ఉంది. ఇంగ్లిషు రానివారిని ఇంగ్లిషులో పరీక్షించి మతిమరుపని తేల్చడం అన్యాయం.

తర్వాత అసలు పరీక్ష. కొన్ని మాటలు వినిపించి, అరగంట తర్వాత మళ్లీ చెప్పమంటారు. అంకెలు వెనక నుంచి చెప్పాలి. ఒక నిమిషంలో తోచినన్ని జంతువుల పేర్లు చెప్పాలి. గడియారం బొమ్మ గీయాలి. ప్రశ్నలు పోనుపోను కఠినమవుతాయి. కొన్ని రాకపోవడం అందరికీ మామూలే. రెండు మూడు గంటలు పట్టొచ్చు. అలసిపోతే విరామం అడగండి. వెంట వెళ్లినవాళ్లు జవాబులు అందించకూడదు. మీరు గమనించిన మార్పులు చెప్పడానికి విడిగా సమయమిస్తారు.

రిపోర్టు వచ్చాక, ఏది బాగుంది, ఏది తగ్గింది, ఇంట్లో ఏం మార్చుకోవాలి అని అడిగి తెలుసుకోండి. ఇదొక్కటే చూసి జబ్బు పేరు తేల్చరు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది, చికిత్సతో చాలావరకు తగ్గొచ్చు. ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తే పోల్చుకోవడానికి ఈ రిపోర్టే ఆధారం. జెరాక్స్ తీయించి భద్రంగా దాచండి.