మఠము అను మాట

"మఠమునకు పోయి వచ్చితిమి" అని మన యిండ్లలో తరచుగా వినబడును. ఆ మాట వినగానే ఒకరికి కట్టడము, ఒకరికి స్వామివారు, మరియొకరికి మాన్యపు భూములు మనస్సున మెదలును. ఈ మూడింటిలో ఏదియు దాని తొలి అర్థము కాదు.

ఇది సంస్కృత పదము. 'మఠ' ధాతువునకు ధాతుపాఠము మదము, నివాసము అను రెండర్థములు చెప్పుచున్నది. మనకు కావలసినది రెండవది. అయితే ఎవరి నివాసము? అమరసింహుడు తన నిఘంటువున మఠమును ఛాత్రులు మొదలగువారి నిలయముగా పేర్కొన్నాడు. ఛాత్రుడనగా గురువుకడ చదువుకొను శిష్యుడు. పరివ్రాజకాదులు 'మొదలగువారి'లో చేరిరి. నిఘంటుకారునకు ముందుగా తోచినవాడు పీఠాధిపతి కాడు, విద్యార్థి! కన్నడదేశమున పాతకాలపు వీథిబడిని 'కూలిమఠ' అనుట ఈ అర్థమునకే చెందును. మన తెలుగున కాళ్లు మడిచి కూర్చొనుటను 'మఠము వేసికొనుట' అందుము. ఆ మాట విన్నప్పుడెల్ల నాకు గురువు ఎదుట కూర్చున్న బాలుడే కనబడును.

శాసనములు కూడ ఇట్లే పలుకుచున్నవి. బసవేశ్వరుడు ఏ బిజ్జలుని కొలువున నుండెనో ఆ బిజ్జలుని కాలమున, 1162లో వెలసిన బళ్లిగావె శాసనము కాలాముఖుల కోడియమఠమును వర్ణించినది. అచట వేదములు, వ్యాకరణములు, దర్శనములు చదివించెడివారు. దీనులకు అన్నము, రోగులకు వైద్యము లభించెడివి. జైన బౌద్ధ భిక్షువులకును అన్నము పెట్టెడివారు. మన ఆంధ్రదేశమున 1261 నాటి మల్కాపురశాసనము రుద్రమదేవి కాలపు గోళకీమఠమును గూర్చి చెప్పుచు, దేవాలయముతోపాటు విద్యార్థులకును, ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును ఆదాయమును పంచినది. ఇవి వీరశైవ మఠములు కావు. అయినను మఠమనగా ఆనాడు ఏమని తలచిరో వీనివలన తెలియును.

ఇక మనకొక చిక్కు కలదు. జంగముడనగా కదలువాడు, మఠమనగా నిలుచు చోటు. స్థావరముకంటె జంగమమే మిన్నయని బోధించిన బసవేశ్వరుని మార్గమున ఈ రెండు మాటలు ఎట్లు పొసగును? నా తలపున, మఠము జంగమునకు ఇల్లు కాదు, మజిలీ. అచట నిలిచి యుండవలసినది చదువు, దాసోహము. జంగమ కుటుంబములకు 'మఠము', 'మఠపతి' అని ఇంటిపేర్లుండుట ఎరుగుదుము. మఠపతి యనగా ఆస్తికి యజమాని యని కొందరనుకొందురు. కాని పల్లెలలో మఠపతి భక్తుల యిండ్లకు తానే పోయి, బిల్వపత్రము నిచ్చి, సంస్కారములు జరిపించినవాడు. భక్తులకొరకు నడచుటయే అతని పని.

తుమకూరు చెంత సిద్ధగంగామఠమున 1941లో బాధ్యత వహించిన శివకుమారస్వామివారు 2019లో లింగైక్యులగువరకు వేలాది బాలురకు కులమత విచక్షణ లేక అన్నము, వసతి, విద్య ఒసగిరి. అచట సామూహిక ప్రార్థనవేళ పిల్లలు ఆరుబయట వరుసలుగా మఠము వేసికొని కూర్చుందురు.