బొగ్గు కొంచెం, మంట నిలకడ

బిట్రగుంట లోకో షెడ్‌లో ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేసినవాణ్ణి. డెబ్బై దాటాక మా మనవరాలు నా ముందు మైకు పెట్టి, "తాతయ్యా, స్టీమ్‌పంక్ కథలకు పాడ్‌కాస్ట్ పెడదాం, నువ్వే చదవాలి" అంది. రెండేళ్లుగా చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి ఇవి.

1. ముందు పేరు విప్పి చెప్పండి. 1987లో కె. డబ్ల్యూ. జీటర్ అనే అమెరికన్ రచయిత సరదాగా పుట్టించిన మాట స్టీమ్‌పంక్. పెట్రోలూ కరెంటూ కాక ఆవిరే లోకాన్ని నడిపి ఉంటే ఎలా ఉండేదన్న ఊహ. ఆ ముక్క చెప్పకుండా మొదటి కథ వేస్తే, మా బావమరిది "ఇది రైల్వే చరిత్రా, కట్టుకథా?" అన్నాడు.

2. మన గడప దగ్గర మొదలుపెట్టండి. జూల్ వెర్న్ 1880లో రాసిన 'ఆవిరి ఇల్లు' నవలలో ఉక్కు ఏనుగొకటి చక్రాల ఇళ్లను లాక్కుంటూ ఉత్తర హిందూస్థానం తిరుగుతుంది. రొకియా హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు పత్రికలో అచ్చయింది: ఆడవాళ్లు ఏలే దేశం, ఎగిరే బండ్లు, ఎండతో వంట. అచ్చమైన ఆవిరి కథ కాదు గానీ పినతల్లి వరస. లండను పొగమంచుతో మొదలయ్యే కథల మధ్యలో లేచి వెళ్లినవాళ్లు కూడా దీన్ని చివరిదాకా విన్నారు.

3. పాతదల్లా ఉచితం కాదు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. ఫార్‌స్టర్ రాసిన 'ద మెషీన్ స్టాప్స్' 1909 నాటిదే కదా అని చదివేశాం. ఆయన పోయింది 1970లో. గడువు 2030 చివరిదాకా ఉంది. నాలుక్కరుచుకుని తీసేశాం. అనువాదమైతే అనువాదకుడి హక్కు వేరే ఉంటుంది. కొత్త కథకు రచయిత ఒప్పుకోలు రాతలో తీసుకోండి.

4. చప్పుడు తెలిసినవాణ్ణి అడగండి. మనవరాలు ఎక్కడిదో "ఛుక్ ఛుక్" తెచ్చి అతికించింది. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగుసార్లు ఊదుతుంది. బండి కదిలేటప్పుడు ఆ నాలుగూ విడివిడిగా వినిపిస్తాయి, వేగం అందుకుంటే కలిసిపోతాయి. తను పెట్టినదాంట్లో బండి స్టేషన్లో నిలబడే పరుగెత్తుతోంది! చివరికి అట్టపెట్టె మీద చీపురుతో కొడుతూ నాలుగేసి దెబ్బలు లెక్కపెట్టాను. సేఫ్టీ వాల్వుకు మా ఆవిడ కుక్కరు సరిపోయింది.

5. స్టూడియో కోసం అప్పు చెయ్యకండి. బీరువా తెరిచి, చీరల్లోకి తల దూర్చి చదవండి. గొంతు గోడలకు తగిలి తిరిగిరాదు. ఫ్యాను మాత్రం ఆపాలి. మే నెలలో అలా పావుగంటే కూర్చోగలం. నిమిషానికి నూరు మాటలు చదువుతాను కనుక, మా కథల కొలత పదిహేను వందల మాటలని ఆ ఉక్కపోతే నిర్ణయించింది.

6. ఇత్తడి మెరుపు చెవికి కనిపించదు. పళ్లచక్రాలనూ గొట్టాలనూ పేజీలకొద్దీ వర్ణించిన కథ కాగితం మీద బాగుంటుంది. చదివితే సామాన్ల పట్టీలా ఉంటుంది. ఫైర్‌బాక్సు తలుపు తెరవగానే మొహానికి సెగ, అదే క్షణంలో వీపుకు మాఘమాసపు చలిగాలి అని చెబితే వినేవాడి ముందు ఇంజను వచ్చి నిలబడుతుంది. యంత్రం పక్కన చెమటోడ్చే మనిషి లేని కథను మేం తీసుకోం.

7. మొదటి నెలలోనే ఐదు కథలు గుమ్మరించి, మూడు నెలలు మూగబోయాం. వినేవాళ్లు జారుకున్నారు. నాకు నా మొదటి డ్యూటీ గుర్తొచ్చింది. ఉత్సాహం కొద్దీ పారలకు పారలు బొగ్గు విసిరితే మంట నల్లబడి, ఆవిరి ముల్లు పడిపోయింది. డ్రైవరుగారు పార లాక్కుని, "ఒరేయ్ అబ్బాయ్, కొంచెం వెయ్యి, మాటిమాటికీ వెయ్యి" అన్నారు. ఇప్పుడు పదిహేను రోజులకొక కథ. ముల్లు పెద్దగా లేవలేదు గానీ, పడిపోలేదు.