ముందుచూపు

జి. కొండూరు మామిడి రైతు పూత మాడిపోవువఱకు వేచియుండడు. తేనెమంచు పురుగు కనబడగనే మందు చల్లును. కంప్యూటరు విషయమునను ముందుచూపే రక్ష.

2017 మే 12వ తేదీన ‘వానాక్రై’ అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట విజృంభించెను. అది ఫైళ్లకు తాళము వేసి, విడిచిపెట్టుటకు ధనమడిగెను. జి. కొండూరు అప్పుడు చేరియుండిన కృష్ణా జిల్లాలోను, గుంటూరు మొదలగు జిల్లాలలోను కొన్ని పోలీసు కంప్యూటర్లు దాని వాతబడినవి.

అది చొరబడిన విండోస్ లోపమును సవరించు అప్‌డేటును మైక్రోసాఫ్టు సంస్థ మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను! దానిని వేసికొనని యంత్రములు తలుపు తెఱచిన ఇండ్లవలె నుండెను.

కావున బాలలారా! అప్‌డేటు వచ్చినప్పుడు ‘రేపు చూతము’ అనరాదు. అపరిచితులు పంపిన ఫైళ్లను తెఱవరాదు. ముఖ్యమైన పత్రములకు, ఫోటోలకు నకలు తీసి, వేఱొక డిస్కులో దాచి, దానిని కంప్యూటరునుండి విడదీసి యుంచవలెను. తాళము పడిన పిదప ధనమిచ్చినను అవి తిరిగి దక్కునను నమ్మకము లేదు.