స్టీరింగు తోలు – సంరక్షణ

రథాన్ని నడిపేవానిని పూర్వులు సారథి అన్నారు. సారథి చేతిలో పగ్గాలు ఉండేవి. నేటి వాహన చోదకుని చేతిలో స్టీరింగు చక్రం ఉంటుంది. అనేక కార్లలో ఆ చక్రానికి తోలు తొడుగు ఉంటుంది. ప్రయాణం సాగినంతసేపూ చోదకుని చేయి దానిని అంటిపెట్టుకునే ఉంటుంది. అందువల్ల కారులో త్వరగా మలినమయ్యే భాగాలలో అదొకటి. కారు కడిగేటప్పుడు చాలామంది ఉపేక్షించేదీ దానినే.

తోలు స్వభావం తెలిస్తేనే దాని సంరక్షణ తెలుస్తుంది. పశు చర్మాన్ని అలాగే వదిలితే కుళ్ళిపోతుంది. అందులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులను బిగువుపరచి, కుళ్ళని పదార్థంగా మార్చడాన్ని తోలు పదును చేయడం అంటారు. దక్షిణ భారతంలో ఇందుకు తరతరాలుగా తంగేడు చెక్కను వాడారు. బతుకమ్మలో పూవై ఒదిగే తంగేడే తోళ్ళ తొట్టిలో చెక్కయి నానింది. ఈ విద్య తెలిసిన వారిని సమాజం ఊరి వెలుపల నిలిపింది; వారి పనితనాన్ని మాత్రం చెప్పులుగా, మోట తిత్తులుగా అనుభవించింది. ఆ విద్యయే చెన్నైలో 1948లో నెలకొల్పిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థలో శాస్త్రంగా గౌరవం పొందుతోంది.

కార్లలో వాడే తోలుకు సాధారణంగా రంగు వేసి, పైన పలుచని రక్షణపొర పూస్తారు. మన చేయి తాకేది ఆ పొరనే. అరచేతి చెమట, చర్మపు జిడ్డు, ధూళి కలిసి దానిపై పేరుకుంటాయి. అప్పుడు చక్రం నల్లగా నిగనిగలాడుతుంది. చూసేవారు తోలు మెరుస్తున్నదని సంతోషిస్తారు. నిజానికి కొత్త స్టీరింగు తోలు సాధారణంగా మందకాంతితోనే ఉంటుంది. పాత చక్రం మెరుపునకు కారణం జిడ్డు కావచ్చు, పైపొర అరుగుదల కావచ్చు. జిడ్డు తుడిస్తే పోతుంది. అరిగిన పొర తుడిచినంత మాత్రాన తిరిగి రాదు. ఈ భేదం తెలియనివారు మెరుపు పోయేదాకా రుద్ది తోలునే పాడుచేసుకుంటారు.

శుభ్రపరిచే విధానం సులభమైనది. ముందుగా కారును నీడలో నిలిపి, ఇంజను ఆపి, చక్రం చల్లబడనివ్వాలి. పొడి మెత్తని గుడ్డతో దుమ్ము తుడవాలి. గిన్నెడు నీటిలో గాఢత లేని ద్రవ సబ్బు కొన్ని చుక్కలు కలిపి, గుడ్డను ముంచి గట్టిగా పిండాలి. కంటికి కనిపించని చోట మొదట తుడిచి, రంగు గుడ్డకు అంటుతున్నదేమో పరీక్షించాలి. అంటకపోతే చక్రాన్ని కొంచెం కొంచెంగా, ఒత్తిడి లేకుండా తుడవాలి. కుట్ల సందులలో మృదువైన కుంచె వాడాలి. తరువాత శుభ్రమైన తడిగుడ్డతో సబ్బు అంశం తొలగించి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. చక్రం మధ్యలో ఎయిర్‌బ్యాగు, విద్యుత్ మీటలు ఉంటాయి కనుక ద్రవాన్ని నేరుగా చల్లరాదు.

తోలుది ఆమ్ల స్వభావం. బట్టల సోడా, సబ్బు పొడి క్షారాలు. కనుక అవి తోలుకు పడవు. కిరోసిన్, పెట్రోలు అసలే వాడరాదు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు శానిటైజర్ రాసుకొని, అది ఆరకముందే స్టీరింగు పట్టడం చాలామందికి అలవాటైంది. అందులోని ఆల్కహాలు చేతికి మేలు చేసినా, తోలు పైపొరను దెబ్బతీయగలదు. చేతులు ఆరిన తరువాతనే చక్రం పట్టాలి.

మరికొందరు మెరుపు కోసం కొబ్బరినూనె పూస్తారు. ఇది ప్రమాదకరం. తిరుమల కొండదారి వంటి మలుపులలో చక్రం చేతిలో జారితే కారులోని వారందరి ప్రాణాలకూ ముప్పు. తోలు తొడుగు అలంకారం కోసమే కాదు, పట్టు కోసం కూడా. శుభ్రపరిచిన చక్రం చేతికి పొడిగా తగలాలి, మెరవనక్కరలేదు.

తోలును పదును చేసినవారు, కుట్టినవారు, దానిని పట్టుకొని బండి నడిపి జీవించేవారు వేరువేరు. వారందరి శ్రమ ఆ చక్రం మీద కలుస్తుంది. మెత్తని గుడ్డతో అప్పుడప్పుడు వెచ్చించే పది నిమిషాలు ఆ శ్రమకు మనమిచ్చే విలువ.

అర్థాలు

చోదకుడు: వాహనం నడిపేవాడు
ఉపేక్షించు: పట్టించుకోకపోవు
మందకాంతి: తక్కువ మెరుపు
క్షారం: ఆమ్లానికి విరుద్ధ గుణం కలది

ప్రశ్నలు

1. తోలు పదును చేయడం అంటే ఏమిటి?
2. స్టీరింగు మెరుపునకు గల రెండు కారణాలను, వాటి భేదాన్ని వివరించండి.
3. తోలు పని చేసేవారి పట్ల సమాజ వైఖరిని గురించి రచయిత ఏమన్నారు? మీ అభిప్రాయం రాయండి.