క్రోమ్‌బుక్‌కు ఆఫీస్ చందా అవసరమా?

విద్యార్థికి ల్యాప్‌టాప్ ఇచ్చే దాతలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న: "దీనికి ఆఫీస్ సాఫ్ట్‌వేర్ చందా కూడా కట్టాలా?" చాలామంది పిల్లలకు అక్కర్లేదన్నదే మా సమాధానం.

క్రోమ్‌బుక్‌లో పని ఎక్కువగా బ్రౌజర్‌లోనే సాగుతుంది. విండోస్ కోసం తయారైన వర్డ్, ఎక్సెల్ అందులో ఇన్‌స్టాల్ కావు. మైక్రోసాఫ్ట్ 365కు డబ్బు కట్టినా, అక్కడ వాడేది వాటి వెబ్ రూపాన్నే. ముఖ్యమైన సదుపాయాలతో అది ఉచితంగానే దొరుకుతుంది. 5 జీబీ నిల్వ కూడా ఇస్తారు. గూగుల్ డాక్స్, షీట్స్, స్లైడ్స్ కూడా ఉచితమే. ఆ ఖాతాకు 15 జీబీ నిల్వ ఉంటుంది. జీమెయిల్, ఫొటోలు కూడా అందులోనే సర్దుకోవాలి. అవి వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తాయి. ముందుగా ఆఫ్‌లైన్ సదుపాయం పెట్టుకుంటే నెట్ లేనప్పుడూ రాసుకోవచ్చు.

నిల్వ చాలకపోతేనే చందా ఆలోచించాలి. కోర్సులో ఎక్సెల్ మాక్రోలు నడపాల్సి ఉంటే చందా కట్టినా ఫలితం లేదు. అవి వెబ్ రూపంలో నడవవు. ఆ విద్యార్థికి విండోస్ ల్యాప్‌టాపే ఇప్పించాలి.

చందా ఒక్కసారితో తీరేది కాదు, ఏటా కట్టాలి. అందుకే కొనేముందు విద్యార్థి ఏం చదువుతున్నాడో, చదువుతున్నదో అడగండి. మిగిలిన సొమ్ము నెట్ ఖర్చుకు ఇస్తే ఆ ల్యాప్‌టాప్ రోజూ పనికొస్తుంది.