నీళ్లలో పెట్టిన కొమ్మల కాండం కుళ్ళుతోందా? మందు కంటే ముందు గాలి సంగతి చూడండి



పై వీడియోలో మీరు చూస్తున్న తొట్టిలో 40 టమాటా కొమ్మలు పెట్టాను. నాలుగో రోజుకి మొదళ్ళు గోధుమ రంగుకి తిరిగాయి. ఆరో రోజుకి పట్టుకుంటే వేళ్ళకి జిగురు అంటుకుంది. చివరికి బతికినవి 9. తప్పు పూర్తిగా నాదే. నేల మీద ఇంత బాగా పనిచేసే జీవామృతం నీళ్లలో ఎందుకు పనిచేయదు అనుకుని, వడకట్టి అర లీటరు ఆ తొట్టిలో పోశాను. అదే కొంప ముంచింది. ఎందుకలా అయిందో తెలిస్తే, మీ కొమ్మల్ని మీరు కాపాడుకోవచ్చు.

కుళ్ళు అవునో కాదో ముందు తేల్చుకోండి

చాలామంది మంచి కొమ్మని కూడా కంగారుపడి పారేస్తుంటారు. టమాటా కాండం మీద తెల్లటి చిన్న బుడిపెలు కనిపిస్తే అది తెగులు కాదు, అక్కడి నుంచే వేళ్ళు వస్తాయి. కోసిన చోట కొంచెం గట్టిపడి లేత రంగులో ఉబ్బినా భయం లేదు, అది గాయం మానడం.

కుళ్ళు అయితే మూడు గుర్తులు ఉంటాయి. నీటి మట్టం దగ్గర కాండం నీరు పట్టినట్టు మెత్తబడి గోధుమ, నలుపు రంగులోకి మారుతుంది. ముట్టుకుంటే జిగురుగా ఉంటుంది. వాసన చూస్తే మురుగు కంపు వస్తుంది. అప్పటికే వేళ్ళు వచ్చి ఉంటే ఒక వేరుని రెండు వేళ్ళతో మెల్లగా లాగండి. పైపొర ఊడి చేతికొచ్చి, లోపల దారం లాంటి పోగు మిగిలితే అది వేరుకుళ్ళే.

అసలు కారణం ఏంటంటే

వేరు లేని కొమ్మకి కూడా ఊపిరి కావాలి. కోసిన గాయం మానాలన్నా, కొత్త వేరు పుట్టాలన్నా నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఉండాలి. నీళ్లు వేడెక్కే కొద్దీ అది తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకి అది సుమారు ఏడున్నరకి పడిపోతుంది. మన మిద్దెల మీద ఏప్రిల్, మే ఎండకి తొట్టి నీళ్లు ఎంత కాగుతాయో చెయ్యి పెడితే తెలుస్తుంది.

ఇక పిథియం అనే తెగులు ఉంది. దీన్ని బూజు అంటాం గానీ నిజానికి ఇది శిలీంధ్రం కాదు, నీటిబూజు జాతి. దీని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి చేరతాయి. అందుకే ఒకటి కుళ్ళితే మొత్తం తొట్టి పోతుంది.

ఇప్పుడు జీవామృతం సంగతి. 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవుపేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గోమూత్రం, గుప్పెడు మట్టి వేస్తాం. ఇదంతా సూక్ష్మజీవులకి తిండి. నేలలో మట్టి రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి అవి ఊపిరి తీసుకుంటూ పనిచేస్తాయి. కదలని తొట్టి నీళ్లలో ఆ తిండి పడితే అవే జీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ ఖాళీ చేసేస్తాయి. కొమ్మకి ఊపిరాడదు, కుళ్ళు మొదలవుతుంది. జీవామృతం చెడ్డది కాదు, నేను దాన్ని పెట్టిన చోటు తప్పు.

కుళ్ళు మొదలైతే ఆ రోజే చేయాల్సినవి

1. అన్ని కొమ్మల్నీ బయటికి తీయండి. కాండం మొత్తం మెత్తబడినవి పారేయండి. వాటిని మళ్ళీ తొట్టి దగ్గరికి రానివ్వొద్దు.

2. మొదలు మాత్రమే చెడినవి గోధుమ రంగుకి పైన, లోపల శుభ్రంగా లేత ఆకుపచ్చ కనిపించే దాకా కోయండి. కోత కణుపుకి కొంచెం కింద పడాలి. ప్రతి కొమ్మకీ బ్లేడుని స్పిరిట్‌తో తుడవండి.

3. నీళ్లన్నీ పారబోయండి. పాత నీళ్లలో కొత్త నీళ్లు కలపడం వల్ల లాభం లేదు. తొట్టి, నెట్ పాట్‌లు రుద్ది కడిగి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి పది నిమిషాలు ఆగి, బాగా కడిగి ఎండలో ఆరబెట్టండి. పాత స్పాంజ్‌లు వాడొద్దు.

4. కొత్త నీళ్లు పోసి, ఎయిర్ పంప్ పెట్టి, అప్పుడు కొమ్మలు పెట్టండి. పంప్ లేకపోతే రోజూ నీళ్లు మార్చండి.

మళ్ళీ రాకుండా ఉండాలంటే

కొమ్మ 10–12 సెంటీమీటర్లు చాలు. కింది ఆకులు తీసేసి పైన రెండు మూడు ఉంచండి. నీళ్లలో మునిగిన ఆకు కుళ్ళిందంటే కాండానికీ అంటుకుంటుంది. అడుగు 2–3 సెంటీమీటర్లే మునగాలి, మిగతా కాండానికి గాలి తగలాలి. స్పాంజ్‌ని బిగించి కుక్కొద్దు. ఎప్పుడూ తడిగా ఉండే స్పాంజ్ కాండం మెడని నలిపేస్తుంది.

తొట్టికి వెలుతురు తగలకుండా నల్ల కవరో గోనెసంచో చుట్టండి. పాచి పట్టదు, గోనెసంచిని తడిపితే నీళ్లు చల్లబడతాయి కూడా. నీళ్లు 25 డిగ్రీల లోపు ఉంటే మంచిది. ఎండాకాలంలో షేడ్ నెట్ కింద పెట్టండి.

ఆకులు వాడాయని న్యూట్రియంట్ పోయకండి. అది ఆకలి కాదు, వేరు లేక నీళ్లు అందకపోవడం. పైన పలుచటి కవరు కప్పి తేమ నిలపండి, రోజుకోసారి తీసి గాలి తగలనివ్వండి. వేళ్ళు రెండు సెంటీమీటర్లు దాటాక, చెప్పిన మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టండి.

జీవామృతం ఎప్పుడు?

వేళ్ళు వచ్చిన కొమ్మని కుండీలోకో మడిలోకో మార్చాక. మార్చే ముందు సూడోమోనాస్ లీటరుకు 10 గ్రాములు కలిపి, వేళ్ళని 20–30 నిమిషాలు ముంచండి. దీన్ని పెరాక్సైడ్‌తో కలిపి వాడొద్దు, మంచి జీవుల్ని కూడా అది చంపేస్తుంది. మట్టిలో నిలదొక్కుకున్నాక వారం తర్వాత పలచగా జీవామృతం ఇవ్వండి, అప్పుడు దాని పనితనం చూడండి.

ఇలా మార్చాక అదే తొట్టిలో మళ్ళీ 20 కొమ్మలు పెట్టాను. 17 వేళ్ళు వేశాయి. పోయిన మూడూ నేను స్పాంజ్ గట్టిగా బిగించినవే! వీడియో చివర్లో వాటిని పక్కపక్కన పెట్టి చూపించాను, చూడండి. మీరు మాత్రం ఒకేసారి అన్నీ పెట్టకుండా ముందు ఐదు కొమ్మలతో మొదలుపెట్టండి. పోయినా ఐదే పోతాయి, నేర్చుకునేది మాత్రం అంతే ఉంటుంది.