కంపెనీ మారినా నంబరు మనదే

బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నీ ఒకే నంబరుతో ముడిపడ్డాక సిగ్నల్ అందకపోయినా పాత కంపెనీనే భరించాల్సిందేనా? అక్కర్లేదు. ఆ వెసులుబాటే మొబైల్ నంబర్ పోర్టబిలిటీ (ఎంఎన్‌పీ).

మన దేశంలో ఇది 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికీ విస్తరించింది. అప్పట్లో టెలికాం సర్కిల్ దాటితే నంబరు వదులుకోవాల్సి వచ్చేది. 2015 జులై 3 నుంచి ఆ హద్దూ పోయింది.

1900కు ‘పోర్ట్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, పక్కన నంబరు చేర్చి పంపితే ఎనిమిది అక్షరాంకెల యూనిక్ పోర్టింగ్ కోడ్ (యూపీసీ) వస్తుంది. చాలా సర్కిళ్లలో దాని గడువు 4 రోజులే. జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య సర్కిళ్లలో 30 రోజులు. కనెక్షన్ తీసుకున్నా, గతంలో పోర్ట్ అయినా 90 రోజులు నిండాలి. పోస్ట్‌పెయిడ్ బకాయిలు ఉండకూడదు. సిమ్ మార్పిడి మోసాలకు అడ్డుకట్టగా 2024 జులై 1 నుంచి మరో షరతు చేరింది: సిమ్ మార్చిన 7 రోజుల దాకా కోడ్ రాదు.

పోర్టింగ్ పూర్తవడానికి సర్కిల్ లోపలైతే 3 పనిదినాలు, దాటితే 5. చాలామంది తడబడేది ఇక్కడే: రాష్ట్రాలు రెండైనా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లది ఒకే టెలికాం సర్కిల్. కాబట్టి హైదరాబాద్ నుంచి విజయవాడకు 3 పనిదినాలు, బెంగళూరుకు 5.

నియంత్రణ సంస్థ: ట్రాయ్.